పెన్న యొడ్డున ఒక పూట

పాడుపడిన గుడులు, వాని ప్రక్కన నది, ఆ నదిపై పడవలో విహారము. ఈ మూడును ఒకచోట కలసిన యాత్ర యనగానే పలువురకు ఈజిప్టుదేశము, నైలునది స్ఫురించును. అస్వాను దాపున నున్న ఫైలీ దేవాలయమునకు నేటికిని పడవమీదనే పోవలెను. మన తెలుగునాటను అట్టి విహారము లేకపోలేదు. నాగార్జునకొండకు విజయపురి రేవునుండి లాంచీలు పోవుచుండును. ఇక్ష్వాకుల రాజధాని వెలసిన ఆ లోయ సాగరములో మునుగనున్నదని తెలిసి, 1954 మొదలు 1960 వరకు అక్కడ త్రవ్వకములు జరిపిరి. కొన్ని కట్టడములను విప్పి కొండమీద మరల నిలిపిరి. 1966లో ఆ కొండపై ప్రదర్శనశాల నేర్పరచిరి. నగరమును మ్రింగిన నీరే నేడు యాత్రికుని లాంచీని మోయుచున్నది.

నేను ఈ పూట మిమ్ములను తీసికొనిపోదలచిన చోట లాంచీ లేదు. ఏడాదిలో అనేక మాసములు నీరును లేదు. నది మాత్రము కలదు. నది యొడ్డున గుడి కలదు. ఆ గుడికి ఊరక కొందరు పెట్టిన పేరు కాదు, నీటిని బట్టి వచ్చిన పేరు కలదు. అది అనంతపురము జిల్లాలోని తాడిపత్రి. గుత్తినుండి కడపవైపు పోవు రైలుమార్గములో ఈ యూరు తగులును. తెల్లవారుజామున దిగినవారు మధ్యాహ్న భోజనవేళకు చూడవలసిన వన్నియు చూచి తిరిగి స్టేషను చేరుకొనవచ్చును. ఎండలు ముదరకముందే నడక ముగించుట మేలు గనుక, ఒక పూట యన్నది ఇక్కడ పొదుపు కొరకు చెప్పిన మాట కాదు, ఆరోగ్యము కొరకు చెప్పినది.

ఊరి పేరునుగూర్చి కథలకు కొదువలేదు. ఇది తాటకి తిరిగిన చోటని కొందరు, తాటితోపుల నడుమ పుట్టిన పల్లె యని కొందరు చెప్పుదురు. భాస్కరక్షేత్రమన్న పేరును వినవచ్చును. వీనిలో ఏది నిజమో తేల్చుటకు పూనుకొన్నచో మన పూట అక్కడనే గడచిపోవును. ముందు నదిని చూతము.

పెన్న కర్ణాటకములోని నందికొండల ప్రాంతమున పుట్టి, ముందుగా ఉత్తరమునకు పారి, అనంతపురము జిల్లాలో తూర్పునకు మళ్లి, గండికోట కొండలను చీల్చుకొని, కడప నెల్లూరు సీమలను దాటి బంగాళాఖాతమున కలియును. మొత్తము నడక 597 కిలోమీటర్లు. పినాకిని యని సంస్కృతనామము. పినాకమనగా శివుని విల్లు. దక్షిణమునకు పోయి తమిళదేశములో సముద్రము చేరు మరియొక పినాకిని కలదు గనుక, మన పెన్నను ఉత్తరపినాకిని యందురు. పేరును, పొడవును చూచి గొప్ప నదిని ఊహించుకొని వచ్చిన కోస్తా జిల్లాల బంధువులు తాడిపత్రి యొడ్డున నిలిచి, "నది యెక్కడ?" అని అడుగుట నేనెరుగుదును. గోదావరిని చూచిన కన్నులకు ఇది ఇసుకబీడు.

ఈ కొరతకు నది కారణము కాదు. అనంతపురము పీఠభూమి రెండు ఋతుపవనములకును దూరపు చుట్టము. నైరుతి మేఘములు పడమటి కనుమల కావలనే తమ బరువు దింపుకొనును. ఈశాన్యపు మేఘములు తూర్పుతీరమును తడిపి, ఇంతదూరము వచ్చుసరికి తేలికపడిపోవును. జిల్లా సగటు వర్షపాతము ఏటికి సుమారు 550 మిల్లీమీటర్లు. అదియైనను ఒక వరుసలో పడదు. నాలుగు దినములలో కురిసి నలుబది దినములు ముఖము చాటువేయును. అట్టి వానకు పెన్న ఒక్కరాత్రిలో ఒడ్డులు తన్ని పారి, వారము తిరుగకముందే ఇసుకలోనికి ఇంకిపోవుట ఇక్కడివారు తరతరములుగా చూచినదే. నేటి దినములలో నీరు ఎగువనే జలాశయములలో నిలిచిపోవుటయు కలదు. తుంగభద్ర జలము ఎగువకాలువ మూలమున మధ్య పెన్నారు జలాశయమునకు వచ్చి చేరుచున్నది. అది పొలములకు పోవునది గాని, తాడిపత్రి ఇసుకపై పడవ నడుపుటకు వచ్చునది కాదు.

మాకు త్రోవ చూపిన వృద్ధుడు చదువుకొన్నవాడు కాదు. గుడికి వచ్చిపోవువారికి స్తంభములు, బొమ్మలు చూపుచు, వారిచ్చినది పుచ్చుకొను మనిషి. నది లేదని నేననగా ఆయన నొచ్చుకొన్నాడు. "నీళ్లు పైన లేవు గానీ, కింద ఉండాయి సామీ" అని, ఇసుకలో మోచేతి లోతున త్రవ్వియున్న గుంటను చూపినాడు. దానిని చెలమ యందురు. అడుగున చిప్పెడు నీరు తేటగా ఊరియుండెను.

ఆ వృద్ధుని మాట ఈ సీమ జలవిద్యకంతటికిని మూలసూత్రము. పెన్న, చిత్రావతి వంటి నదుల ఇసుక ఎండియున్నట్లు కనిపించినను, దాని పొరలలో నీరు మెల్లగా దిగువకు కదలుచునే యుండును. ఆ నీటిని పట్టుటకు పూర్వులు ఊటకాలువలను త్రవ్విరి. ఉపాయము మిక్కిలి సూక్ష్మమైనది. నది అడుగు ఎంత వాలుగా దిగుచున్నదో, కాలువ అడుగును అంతకంటె తక్కువ వాలుతో త్రవ్వుకొనిపోదురు. మొదట ఇసుకలో లోతుగా మొదలైన కాలువ, కొంతదూరము పోవుసరికి నదికంటె ఎత్తున నిలిచి, ఒడ్డు దాటి పొలములోనికి పారును. యంత్రము లేదు, ఏతము లేదు, ఎద్దు లేదు. వరద వచ్చిన ప్రతిసారియు కాలువ పూడిపోవును. రైతులు కూడి మరల త్రవ్వుకొనవలెను. బోరుబావులు వందల అడుగుల లోతునకు దిగినకొలది, ఇసుక బండ్లకును లారీలకును ఎక్కినకొలది, ఈ కాలువలు పెక్కుచోట్ల ఎండిపోయినవి. ఆ విద్య తెలిసిన చేతులును తగ్గిపోవుచున్నవి.

ఇప్పుడు ఒడ్డెక్కి గుడిలోనికి పోదము. ఇది బుగ్గ రామలింగేశ్వరాలయము. బుగ్గ యనగా ఊట. శివలింగము దాపున నీరు ఊరుచుండుటచే స్వామికి ఆ పేరు వచ్చినదని ప్రసిద్ధి. కరవుసీమలో దేవుడు ఎక్కడ వెలసెనని అడిగినచో, నీరున్నచోట వెలసెనని యిక్కడివారు సమాధానమిచ్చుచున్నారన్నమాట. నది పైన పారినను పారకున్నను, క్రింది నీరు నేలను చీల్చుకొని వెలికివచ్చు చోటును గుర్తించి అక్కడ గుడి కట్టిరి. చెలమకును గర్భాలయమునకును నడుమ కొలది అడుగుల దూరమే గాని, తత్త్వమున భేదము లేదు.

గుడి కట్టించినవాడు గండికోట ప్రాంతమును ఏలిన పెమ్మసాని రామలింగనాయుడు. 1490కి, 1509కి నడుమ ఈ నిర్మాణము జరిగినదని చరిత్రకారుల నిర్ణయము. రాయలసీమలో ఏ పాతగుడి కనిపించినను "రాయలవారు కట్టించినది" అనుట మనకు అలవాటు. కృష్ణదేవరాయలు సింహాసనమెక్కినది 1509లో. కాబట్టి ఈ రాళ్లపై ఉలి పడినది అంతకు ముందటి కలతల కాలమున. సాళువ నరసింహుడు 1491లో గతించెను. తరువాత అధికారమంతయు సేనాని నరసనాయకుని చేతిలో నుండెను. 1503లో ఆయనయు పోయిన పిమ్మట పెద్దకొడుకు వీరనరసింహుడు వచ్చెను. రాజధానిలో వంశములు మారుచుండగా, ఇక్కడ ఒక మండలాధిపతి నిశ్చింతగా శిల్పులను కూర్చుండబెట్టి రాళ్లు చెక్కించుచుండెను. సామ్రాజ్యము యొక్క బలము హంపీలోనే గాక, ఇట్టి నాయకుల ఊళ్లలోను ఉండెననుటకు ఇది సాక్ష్యము.

లోపల మండపములో తట్టినచో స్వరము పలుకునని చెప్పు స్తంభములు కలవు. త్రోవ చూపువారు వానిని మరచిపోరు. రేడియోలో సంగీతము విని ఆనందించు మనకు రాతి సంగీతము వినవలెనని కుతూహలము కలుగుట తప్పు కాదు. కాని ఐదువందల యేండ్లుగా వచ్చిన ప్రతివాడును తట్టుచున్న స్తంభమది. మన వంతు తట్టు మానుకొన్నను నష్టము లేదు.

ఈ గుడికి వచ్చినవారు నిజముగా చూడవలసినది గోపురములను. నదివైపున ఉత్తరమునను, దక్షిణమునను రెండు గోపురములు కలవు. వానిని గోపురములనుటకు మొదట నోరు రాదు, ఏలయన శిఖరములు లేవు. ద్వారమునకు ఇరువైపుల నిట్టనిలువుగా లేచిన రాతి కట్టడము మాత్రము నిలిచియున్నది. పైన ఆకాశము. కాని ఆ నిలిచిన భాగమును దగ్గరకు పోయి చూడుడు. ఒకదానిపై నొకటిగా అధిష్ఠానములు, వానిపై సన్నని కుడ్యస్తంభములు, వాని నడుమ గూళ్లు, గూళ్లలో దేవతలు, పరిచారికలు, వాద్యగాండ్రు, గూటిపై మరల వ్రేలెడు ప్రమాణముగల చిట్టి విమానములు. చెక్కకుండ విడిచిన జానెడు చోటు కొరకు వెదకవలసియుండును. అంత నగిషీయున్నను కంటికి బరువు తోపదు. ఇది శిల్పుల నేర్పు. హంపీలోను లేపాక్షిలోను శిల్పులకు దొరికినది గరుకు గింజగల రాయి. ఇక్కడిది ఆకుపచ్చ ఛాయగల నల్లని రాయి, మెత్తని గింజది, మిక్కిలి గట్టిది. ఉలి ఎంత పదునుగా పడినదో అంచు అంత పదునుగా నేటికిని నిలిచినది.

ద్వారబంధమునకు ఇరుప్రక్కల ఒక స్త్రీమూర్తి కానవచ్చును. మకరముపై నిలిచి, ఒక చేత తీగను పట్టుకొని, నడుము వంచి నిలిచిన రూపము. ఆ తీగ ఆమె చుట్టును మెలికలు తిరుగుచు ద్వారము పైదాక ప్రాకును. వృద్ధుడు ఆమెను నాట్యకత్తె యన్నాడు. మకరము గంగాదేవి వాహనమగుటచే కళాచరిత్రకారులు ఈ రూపమును నదీదేవతగా గుర్తించిరి. గుప్తుల కాలమునాటి ఉత్తరదేశపు దేవాలయములందే గంగాయమునలను ద్వారమునకు కావలి నిలుపు సంప్రదాయము ఏర్పడెను. గుడిలోనికి పోవువాడు వారి నడుమగా పోయి, నదిలో మునిగి లేచినంత పవిత్రుడగునని భావము. ఆ తలపు వేయి యేండ్లు ప్రయాణము చేసి, రాతిరూపమున పెన్న యొడ్డునకు వచ్చి నిలిచినది. ఆమె యెదుట ఎండిన ఇసుక. శిల్పి ఆమెను చెక్కిన వేసవిలోను బహుశః అంతే.

గోపురములు ఏల సగములో నిలిచినవి? వృద్ధునకు సందేహము లేదు. "తురకల దండు వచ్చె, పని ఆగిపాయె" అన్నాడు. మనలో చాలమంది చదువుకొన్నవారును ఇదే మాట చెప్పుదురు. తళ్లికోట యుద్ధము దక్షిణదేశపు సగము కట్టడములకన్నిటికి ఒకే సంజాయిషీ యైపోయినది. నాకు మాత్రము ఇది అంత తేలికగా ఒప్పుదల కాలేదు. ఆ యుద్ధము 1565 జనవరిలో జరిగెను. ఈ గుడి పని 1509 నాటికే ముగిసినదని గదా లెక్క. నడుమ 56 సంవత్సరములు కలవు. అందులో కృష్ణదేవరాయల 20 యేండ్ల వైభవమంతయు నిమిడియున్నది. పోనీ, యుద్ధముతో పెమ్మసానివారు అడుగంటిరా యనగా అదియు లేదు. రాజధాని పెనుగొండకు మారిన పిమ్మటను వారు గండికోటను విడువలేదు. 1650లో గోలకొండ సేనాని మీర్‌జుమ్లా వచ్చి పట్టుకొనువరకు ఆ దుర్గము వారిదే. అనగా సగము గోపురము ఎదుట నూట నలుబది యేండ్లు ఆ వంశము గడపినది.

నిలిచినదేదో, లేనిదేదో చూచినచో కొంత తెలియును. మన దక్షిణాది గోపురములలో క్రిందిభాగము రాయి, పైశిఖరము ఇటుక, సున్నము, గచ్చు. ఇక్కడ రాతిపని యంతయు సాగినది. లేనిది ఇటుకపని. కష్టమైనది, ఖరీదైనది, ఏండ్లతరబడి శిల్పులను పోషించవలసినది ముగించి, దానితో పోల్చినచో సులభమైనదానిని విడిచిపెట్టిరి. డబ్బులేక ఆగిన ఇల్లు సాధారణముగా ఇట్లుండదు. ఇటుకకు బంకమన్ను కావలెను, కాల్చుటకు కట్టెలు కావలెను, సున్నము నానుటకు, గచ్చు నూరుటకు నీరు సమృద్ధిగా కావలెను. రాయి చెక్కుటకు ఉలి, ఓర్పు చాలును. కరవు పట్టిన కొన్ని యేండ్లు చాలును, పై పని వాయిదా పడుటకు. ఇది నా ఊహ మాత్రమే. నీళ్ల బిందెకు మైలు నడచు సీమలో పుట్టినవారికి ఇట్టి ఊహలు తోచును.

రెండవ కారణము ఊరి నడిబొడ్డున నున్నది. కాని అక్కడికి పోవుటకు ముందు ఈ గోపురములను గూర్చి మరియొక సంగతి చెప్పవలెను.

1868 ప్రాంతమున ఎడ్మండ్ లయన్ అను సైనికాధికారి మద్రాసు ప్రభుత్వము కొరకు దక్షిణదేశపు కట్టడములను ఫోటోలు తీయుచు తాడిపత్రికిని వచ్చెను. ఆ కాలపు ఫోటో పెట్టె, గాజుపలకలు, మందులు బండిమీద మోసికొని తిరుగవలసినవి. ఆ చిత్రములను చూచినవారిలో జేమ్స్ ఫెర్గుసన్ అను పండితుడు ఉండెను. భారతీయ వాస్తువునుగూర్చి 1876లో ఆయన లండనులో అచ్చువేయించిన మహాగ్రంథములో తాడిపత్రి గోపురములకు గౌరవస్థానము దొరకెను. దక్షిణాది శిల్పులు అలంకారమును అతిగా పోయుదురని విసుగుకొనునట్టి ఆ విమర్శకుడే, ఇక్కడి పనియొక్క పదునును, కొలతను, రుచిని మెచ్చుకొనెను. విజయనగరమునకు పోయివచ్చినవారు ఎందరో ఉన్నను, తాడిపత్రి యను చిన్నయూరు పేరు ఐరోపా విద్వాంసులకు తెలిసినది ప్రధానముగా ఆ గ్రంథమువలన.

ఆ సంవత్సరమును మరల చదువుడు. 1876. లండనులో ఆ పుస్తకము వెలువడిన యేటనే ఈ సీమలో వానలు తప్పినవి. మన పెద్దలు ధాత కరవని చెప్పుకొన్న మహాక్షామము మొదలైనది. అప్పటికి అనంతపురము జిల్లా లేదు. ఈ తాలూకాలన్నియు బళ్లారి జిల్లాలోనివి. 1882లోగాని అవి విడిపోయి వేరు జిల్లా కాలేదు. బళ్లారి, కర్నూలు, కడప, మూడును 1876 నుండి 1878 వరకు ఆ మంటలో కాలినవి. దక్షిణదేశమంతట మడిసినవారు దాదాపు ఏబది లక్షలని లెక్క. 1877లో సర్ రిచర్డు టెంపుల్ అను అధికారి కరవు పనులలో కూలినిగూర్చి ఒక నిబంధన పెట్టెను. దినమంతయు మట్టిమోసిన మగవానికి ఒక పౌను ధాన్యము, ఒక అణా. పౌననగా అరకిలోకు తక్కువ. అది చాలదని వైద్యాధికారులే మొత్తుకొనిరి.

గోపురపు రాయి గింజ ఎట్టిది, ఉలి పదును ఎంతటిదని లండనులో చదువుచున్న దినములలో, ఆ గోపురపు నీడన కూర్చున్నవారి స్థితి ఏమి? ఫెర్గుసన్‌ను తప్పుపట్టుటకు ఈ మాట అనుట లేదు. ఆయన తన పని తాను చేసెను, మంచిగనే చేసెను. కాని ఈ గుడిని చూచుటకు వచ్చినవారు బొమ్మలు చూచి తిరిగిపోవుట చాలదని నాకు తోచును. నదీదేవత ఎవరి యెదుట నిలిచినదో గూడ చూడవలెను.

పూర్వపు ప్రభువులు కరవెరుగనివారు కారు. పొరుగున కడప జిల్లాలో పోరుమామిళ్ల చెరువు గట్టుమీద 1369 నాటి శాసనము కలదు. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించెను. దినమునకు వేయిమంది పనివారు రెండేండ్లు పనిచేసిరని, రాళ్లు తోలుటకు నూరు బండ్లు నడచినవని ఆ శాసనము చెప్పుచున్నది. మంచి చెరువునకు పన్నెండు అంగములుండవలెనని లెక్కపెట్టి, వానిలో ధర్మబుద్ధిగల ప్రభువుతోపాటు జలశాస్త్రమెరిగిన పండితుని గూడ చేర్చినది. గుడి శాసనములను మనము భక్తితో చదువుదుము. ఈ చెరువు శాసనమును బడిపిల్లలచేత ఒక్కసారియైన చదివించిన బాగుండును.

మరల మన నడకకు వత్తము. ఎండ ఎక్కుచున్నది. నదిని విడిచి ఊరిలోనికి వచ్చినచో చింతల వేంకటరమణస్వామి ఆలయము. చింతచెట్టులో స్వామి విగ్రహము దొరకినందున ఈ పేరు వచ్చినదని స్థలపురాణము. పదునారవ శతాబ్దిలో పెమ్మసాని తిమ్మానాయుడు దీనిని కట్టించెనందురు. బుగ్గ గుడిలో నిశ్శబ్దము. ఇక్కడ సందడి. కొబ్బరికాయలు, తులసిమాలలు, పిల్లల అల్లరి. గర్భాలయము ఎదుట గరుడాళ్వారు గుడిని రథమువలె చెక్కిరి. రాతి చక్రములు, వానిని లాగు ఏనుగులు. హంపీ విఠలాలయపు రథమును చూచినవారికి ఇది దాని తమ్ముడువలె తోచును. గోడలపైన, మండపముపైన రామాయణ భాగవత కథలు వరుసగా చెక్కబడియున్నవి. ఒక అమ్మమ్మ మనుమరాలిని ఎత్తుకొని, వ్రేలితో ఒక్కొక్క బొమ్మను చూపుచు, "ఇదో, సీతమ్మను ఎత్తకపోతాండాడు" అని కథ చెప్పుచుండుట చూచితిని. ఆ బొమ్మలు చెక్కినది అట్టి పాఠకుల కొరకే.

రెండవ కారణమని యింతకుముందు అన్నది ఈ గుడియే. రామలింగనాయుని తరమున నాయకుని ఇష్టదైవము బుగ్గ యొడ్డున నున్న శివుడు. తరువాతి తరమువచ్చుసరికి గాలి మారినది. కృష్ణదేవరాయలు 1513కును 1521కును నడుమ ఏడుమారులు తిరుమల యాత్ర చేసి, నగలు, గ్రామములు సమర్పించెను. రాజు మనస్సు ఎటు పోయిన, సామంతుల ధనమును అటే పోవును. వేంకటేశ్వరునకు ఊరూర గుడులు లేచినవి. తాడిపత్రిలోను లేచినది. తండ్రులు మొదలుపెట్టిన శిఖరమును ముగించుటకంటె తమ పేరిట క్రొత్త గుడి నెత్తుట కొడుకులకు ప్రియముగా నుండుట మన దేశములో వింత కాదు. నేటి ప్రభుత్వములును పాత పనిని ముగించుటకంటె క్రొత్తదానికి శంకుస్థాపన చేయుటకే మక్కువ చూపును గదా!

జనులకు ఇట్టి చప్పని కారణము రుచింపదు. సగములో నిలిచిన కట్టడమునకు నెత్తురు కథ కావలెను. లేపాక్షిలో కళ్యాణమండపము పూర్తికాలేదు. అచ్యుతదేవరాయల కాలమున కోశాధికారిగా నుండిన విరూపణ్ణ రాజధనమును గుడికి వెచ్చించి, శిక్షకు ముందే తన కన్నులు తానే పెరికి గోడకు కొట్టెనని కథ. గోడమీది ఎర్రని మరకను నేటికిని చూపుదురు. తాడిపత్రికి అట్టి కథ అల్లినవారు లేకపోయిరి. అందుచేతనే కాబోలు, లేపాక్షికి పోవువారిలో పదవవంతైనను ఇటు రారు.

చింతల గుడినుండి స్టేషనుకు పోవు త్రోవలో నాపరాళ్ల బట్టీలవలె కనిపించునవి బట్టీలు కావు, బండలు కోసి నునుపుచేయు కార్ఖానాలు. తాడిపత్రి బండ అనగా ఆంధ్రదేశమంతట ఇండ్లు కట్టువారికి తెలియును. మీరు ఇప్పుడు రేడియో పెట్టుకొన్న గదిలోని నేల ఈ యూరినుండి వచ్చినదే కావచ్చును. రాయికోయు రంపము వేడెక్కకుండ దానిపై నిరంతరము నీరు పడుచుండవలెను. కోత ముగిసిన నీరు బూడిదరంగు బురదయై కాలువలో పారుచుండును. పూర్వపు ఉలికి అక్కరలేని నీరు నేటి రంపమునకు కావలసివచ్చినది.

పదునొకండు గంటలకే రాళ్లు కాలుచున్నవి. విజయనగరమునకు 1520 ప్రాంతమున వచ్చిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేస్ తుంగభద్రపై తిరుగు పుట్టులను చూచి వింతపడెను. వెదురుతో బుట్టవలె అల్లి తోలు కప్పిన ఆ పుట్టులలో పదునైదు ఇరువదిమంది ఎక్కుదురని వ్రాసెను. ఆ మాట వృద్ధునితో చెప్పి, "ఇక్కడ పుట్టి ఎక్కినావా, తాతా?" అని అడిగితిని. ఆయన నవ్వి, పెన్నలో వరదవచ్చిన దినమున పుట్టికన్న నిబ్బరము ముఖ్యమని, నీరు తగ్గువరకు ఒడ్డున కూర్చుండుటయే ఈ యూరి ఆచారమని చెప్పినాడు.

ఆయనకు ఇవ్వవలసినది ఇచ్చి, సెలవు తీసికొనుటకు మరల నదిదాక వచ్చితిమి. ఉదయము చూచిన చెలమ దగ్గర ఒక ఇల్లాలు కూర్చుండియున్నది. ప్రక్కన ఇత్తడి బిందె. ముంతతో నీరు తోడి బిందెలో పోసి, క్రిందినుండి నీరు మరల ఊరి తేటపడువరకు చేయి ముడుచుకొని ఆగుచుండెను. తరువాత మరియొక ముంత. ఆమె వెనుక శిఖరములేని గోపురము. నేను చూచుచున్నంతలో బిందె సగము నిండినది.